పోస్టరు అచ్చుకు వెళ్ళకముందే: గుంటూరు, విజయవాడ సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ పట్టణాల్లోని సంఘాల పాస్టర్లకు, సంఘ పెద్దలకు, కమిటీ సభ్యులకు, పాస్టర్స్ ఫెలోషిప్ బాధ్యులకు ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

అయ్యగార్లూ, క్రిస్మస్ దాటి సంక్రాంతి వచ్చేలోగా లాడ్జి సెంటర్ నుంచి నల్లపాడు దాకా, బెంజ్ సర్కిల్ నుంచి గుణదల దాకా ఎటు చూసినా ఫ్లెక్సీలే. మూడు రోజుల ఉజ్జీవ కూడికలు, స్వస్థత పండుగలు, ఉపవాస ప్రార్థనలు. ఫ్లెక్సీ మీద నిలువెత్తు బొమ్మ వేసిన ఆ ప్రసంగీకుడిని ఏ సంఘం పంపింది, ఆయన ఏం బోధిస్తాడు, కానుకల విషయంలో ఆయన పద్ధతేమిటి అని కమిటీలో ఎంతసేపు మాట్లాడుకున్నారు? చాలా చోట్ల టెంటు సామాను అద్దె గురించి బేరమాడినంతసేపు కూడా మాట్లాడుకోవడం లేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

మేము ఈ రెండు ఊళ్ళ సంఘాల్లో కానుకల లెక్కలు రాసేవాళ్ళం, సండే స్కూలు చెప్పేవాళ్ళం, స్త్రీల సమాజాలు నడిపేవాళ్ళం. ఎవరినో పేరు పెట్టి దూషించడానికి కలం పట్టలేదు. మెలకువగా ఉండమని ఆదివారం వినేది విశ్వాసులైనా, ఆ మెలకువ మొదట ఉండాల్సింది మీ బల్ల దగ్గర. పౌలు మిలేతు రేవులో పిలిపించుకున్నది ఎఫెసు సంఘపు పెద్దలనే. 'ఆ యావత్తు మందనుగూర్చియు, మీ మట్టుకు మిమ్మును గూర్చియు జాగ్రత్తగా ఉండుడి' అన్నాడు. క్రూరమైన తోడేళ్లు బయటి నుంచి వస్తాయన్నాడు, వంకర మాటలు పలికే మనుషులు 'మీలోనే' బయలుదేరుతారనీ అన్నాడు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో మొదటి మాట మీద ప్రసంగాలు బోలెడు. రెండో మాట దగ్గర అందరం గొంతు సవరించుకుని ముందుకు పోతాం.

ముందే ఒక సంగతి తేల్చుకుందాం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టిన నాటికీ నేటికీ ఈ గడ్డ మీద ఎన్నో శాఖలు వెలిశాయి. లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు, కథోలిక, బైబిల్ మిషన్, పెంతెకొస్తు, బ్రదరన్ వాళ్ళు ఒకే వీధిలో ఉంటారు, ఒకే పెళ్ళిలో పంక్తిన కూర్చుంటారు. బాప్తిస్మం ముంచి ఇవ్వాలా చిలకరించాలా, భాషల్లో ప్రార్థించవచ్చా, ప్రభువు బల్ల వారానికోసారా నెలకోసారా అన్నవి వాదించుకోవాల్సిన సంగతులే. ఎదుటివాణ్ణి అబద్ధ బోధకుడని ముద్ర వేయడానికి మాత్రం అవి చాలవు. ఆ ముద్రను అంత చవగ్గా వాడితే అసలు తోడేలు వచ్చిన రోజున మన కేక ఎవరూ వినరు. చూడాల్సినవి మూడు: ఈ మనిషి చెప్పే క్రీస్తు ఎవరు, ఇతను చెప్పే రక్షణ దేనివల్ల వస్తుంది, మంద దగ్గర ఇతను ఏం తీసుకుపోతున్నాడు.

ఇక పిలుపు సంగతి. ఇప్పుడు జరిగే పద్ధతి మనందరికీ తెలిసిందే. కమిటీలో ఒకరు యూట్యూబ్‌లో ఒక ముక్క చూస్తారు, 'బ్రదర్ గారు వాక్యం బాగా చెప్తున్నారండీ' అంటారు, ఫోను వెళ్తుంది, తేదీ, ప్రేమ కానుక, రావడానికి కారు మాట్లాడుకుంటారు, సాయంత్రానికి ఫొటో ప్రెస్‌కు వెళ్ళిపోతుంది. నలభై సెకన్ల షార్ట్ చూసి మనిషిని పిలవడమంటే తాలింపు వాసన చూసి వంటమనిషిని కుదుర్చుకున్నట్టే. కనీసం మూడు పూర్తి ప్రసంగాలు వినండి. అందులో ఒకటి రెండేళ్ళ కిందటిది అయితే మంచిది. మనిషి మాట ఎటు జరుగుతూ వచ్చిందో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. మూడూ విన్న తర్వాత ఒక కాగితం మీద రాసుకోండి: సిలువ, పాపం, పశ్చాత్తాపం అన్నవి ఎన్నిసార్లు వచ్చాయి, 'నాకు దేవుడు చూపించాడు' ఎన్నిసార్లు వచ్చింది, కానుక ప్రస్తావన ఎన్నో నిమిషంలో మొదలైంది. ఆ కాగితం కమిటీ ముందు పెడితే చర్చ దానంతటదే నడుస్తుంది.

తర్వాత ఆయన సొంత సంఘంలో ఇద్దరు పెద్దలతో మాట్లాడండి. ఆయన ఇచ్చిన నంబరుకు చేస్తే మాట్లాడేది ఆయన బావమరిదే కావచ్చు. ఆ ఊళ్ళో మనకు తెలిసిన మరో సంఘం ద్వారా వాకబు చేయండి. ఏ సంఘానికీ జవాబుదారీ కాని మనిషి, 'నేను దేవునికే లెక్క చెప్తాను' అనే మనిషి ఎంత బాగా పాడినా వేదిక ఇవ్వకండి. పౌలూ బర్నబా అంతటివాళ్ళను అంతియొకయ సంఘం చేతులుంచి పంపింది, వాళ్ళు తిరిగొచ్చి ఆ సంఘాన్ని సమకూర్చి జరిగిందంతా చెప్పుకున్నారు.

నాలుగు విషయాలు రాతపూర్వకంగా ముందే ఒప్పుకోవాలి. వేదిక మీద నుంచి విడిగా కానుక అడగకూడదు. మందులు మానమని చెప్పకూడదు. పేరు పెట్టి ఎవరి భవిష్యత్తూ చెప్పకూడదు. మన విశ్వాసుల ముఖాలు కనిపించే వీడియో వాళ్ళ అనుమతి లేకుండా తన ఛానల్లో పెట్టకూడదు. ఇది చదివి ఆయన కోపగించుకుంటే మంచిదే, మీ ఫ్లెక్సీ ఖర్చు మిగిలింది. విదేశీయుడైతే వీసా కాగితం కూడా అడగండి. టూరిస్టు వీసా మీద వచ్చి కన్వెన్షన్లో ప్రసంగించడం వీసా నిబంధనలకు విరుద్ధం. తర్వాత పోలీసులు వచ్చేది పిలిచినవాళ్ళ ఇంటికి.

ఇదంతా ఈ కాలపు అనుమానం అనుకోకండి. తొలి శతాబ్దాల సంఘాలు వాడుకున్న 'దిదఖే' అనే చిన్న బోధ గ్రంథంలో తిరుగాడే ప్రవక్తల గురించి ముక్కుసూటి సూత్రాలున్నాయి. వచ్చినవాణ్ణి ప్రభువును చేర్చుకున్నట్టు చేర్చుకోండి. ఒకరోజు ఉండనివ్వండి, అవసరమైతే రెండో రోజు కూడా. మూడో రోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. ఆత్మవశుడనై చెప్తున్నానంటూ తనకోసం డబ్బు అడిగితే అతని మాట వినవద్దు, లేనివాళ్ళ కోసం అడిగితే ఎవరూ తీర్పు తీర్చవద్దు. ఏసీ గది, నాలుగు చక్రాల బండి, వెంట ఇద్దరు కెమెరామెన్లు లేని కాలంలో రాసుకున్న నియమం ఇది.

వాక్యాన్ని పరీక్షించడం ఎలాగో మందకు నేర్పించడం మీ పని. బెరయ పట్టణంవాళ్ళు పౌలు మాటనే లేఖనాల్లో వెదికి చూసుకున్నారు. చేయాల్సింది తేలికే, కానీ వారం వారం చేయాలి. ప్రసంగంలో వచ్చిన ప్రతి వచనం పెన్సిలుతో రాసుకోవడం, ఇంటికెళ్ళాక ఆ వచనానికి పైన పది, కింద పది వచనాలు చదవడం. ఎక్కువ మోసాలు ఆ ఇరవై వచనాల్లో బయటపడతాయి.

కొన్ని వచనాలు మన వేదికల మీద తెగ అరిగిపోయాయి. 'నీవు అన్ని విషయములలోను వర్ధిల్లుచు సౌఖ్యముగా ఉండవలెనని' అన్నది గాయు అనే స్నేహితుడికి యోహాను రాసిన ఉత్తరంలో మొదటి పలకరింపు, మనం 'కుశలమని తలుస్తాను' అని రాసుకున్నట్టు. దాన్ని కారుకూ మేడకూ హామీపత్రం చేశారు. 'ఇయ్యుడి, అప్పుడు మీకియ్యబడును' అన్న మాటకు ముందు వచనాల్లో ఉన్నది శత్రువును ప్రేమించడం, తీర్పు తీర్చకపోవడం, క్షమించడం. అది విత్తన కానుక రశీదుగా మారింది. 'నేను అభిషేకించినవారిని ముట్టకూడదు' అని పాస్టరును ప్రశ్నించినవాళ్ళ నోరు మూయిస్తారు. 105వ కీర్తన తీసి చూడండి. ఇల్లూ వాకిలీ లేక దేశం నుంచి దేశానికి తిరిగిన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల మీద చేయి వేయవద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. బలహీనుల కోసం పలికిన మాట బలవంతుడి కవచమైపోయింది.

అన్నింటికంటే విచిత్రం యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డుల బుట్టలో చేయి పెడితే చాలామందికి వచ్చేది ఇదే. సమాధానకరమైన ఉద్దేశాలు, రాబోయే కాలమందు నిరీక్షణ. బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాట అది. ఒక్క వచనం పైకి వెళ్ళండి: బబులోనులో 70 ఏళ్ళు గడిచాక అని ఉంటుంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో ఎక్కువమంది తిరుగు ప్రయాణం చూడకుండానే అక్కడే కన్నుమూయాలి. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నది అందుకే. దానికి ముందు 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. జనం ముందు యిర్మీయా మెడ మీది కాడి విరగ్గొట్టి, రెండేళ్ళలో అంతా తిరిగొస్తుంది అన్నాడు. యిర్మీయా మొదట 'ఆమేన్, యెహోవా ఆలాగున చేయును గాక' అన్నాడు, తర్వాత ఆ మాట అబద్ధమని చెప్పాడు. హనన్యా ఆ ఏడాది ఏడో నెలలో చనిపోయాడు. జనానికి ఇష్టమైన గడువు చెప్పడమే అబద్ధ ప్రవక్త వృత్తి అని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పాఠం బైబిల్లో మాకు కనిపించదు. వాగ్దాన కార్డు మానేయమని మేము అనడం లేదు. కార్డు వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ 'ఈ అధ్యాయం మొత్తం చదవండి' అని అచ్చు వేయించండి చాలు.

ప్రవచనాల సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. గేటు దగ్గర బల్ల, దాని మీద ప్రార్థన చీటీలు. పేరు, ఊరు, సమస్య, ఫోన్ నంబరు. ఏటి అగ్రహారం నుంచి వచ్చిన ఒక తల్లి రాసి ఇస్తుంది. ఎనిమిదింటికి చీటీలు వేదిక వెనక్కి వెళ్తాయి. తొమ్మిదిన్నరకు మైకులో వినిపిస్తుంది: 'ఏటి అగ్రహారం నుంచి వచ్చిన ఒక సోదరి, నీ కొడుకు ఉద్యోగం కోసం ఏడుస్తున్నావు, ప్రభువు నిన్ను చూస్తున్నాడు.' ఆమె నిలబడిపోతుంది. తాను రాసిచ్చిన కాగితమే తిరిగి తన చెవిన పడిందని ఆ క్షణంలో ఎవరికీ తట్టదు. అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే స్వస్థత బోధకుడు ఇదే పని చెవిలో చిన్న రిసీవరు పెట్టుకుని చేశాడు. భార్య తెర వెనక నుంచి చీటీలు చదివి వినిపించేది. 1986లో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు, ఆయన బృందం 39.17 మెగాహెర్ట్జ్ మీద ఆ మాటలు పట్టుకుని రికార్డు చేసి టీవీలో వినిపించారు. ఇప్పుడు రేడియో కూడా అక్కర్లేదు. ఫేస్‌బుక్ పేజీలో కుటుంబం మొత్తం ఫొటోలతో సహా ఉంటుంది, ముందు వరుసలో కూర్చోబెట్టే వాలంటీరు దగ్గర మిగతాది ఉంటుంది.

కాబట్టి చీటీలు మీ సంఘ స్త్రీల సమాజం చేతిలోనే ఉండాలి. ప్రసంగీకుడికీ ఆయన బృందానికీ చూపించకూడదు. కూడిక అయ్యాక మన పెద్దలే చదివి ప్రార్థించి, పదిహేను రోజుల్లో ఆ ఇళ్ళకు వెళ్ళి రావాలి. చదివిన చీటీలు చించేయాలి. ఆ నంబర్లు బయటికి పోతే ఏమవుతుందో కూడా చెప్పాలి: 'మీకోసం నలభై రోజులు ప్రార్థిస్తున్నాం, దానికి ఇంత కానుక' అని ఫోన్లు మొదలవుతాయి.

ఒకవేళ ఎవరైనా ప్రవచనం చెప్పనే చెప్తే, ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, చెప్పినవారు, ఎవరికి చెప్పారు, అచ్చంగా ఏ మాటలు, ఎప్పటిలోగా. ఏడాది తర్వాత తీసి చదవండి. ద్వితీయోపదేశకాండము 18:22 చెప్పే పరీక్ష ఇదే: పలికినది జరగకపోతే అది యెహోవా మాట కాదు, అతనికి భయపడనక్కర్లేదు. నెరవేరినంత మాత్రాన సరిపోదని 13వ అధ్యాయం చెప్తుంది: సూచన జరిగినా సరే, ఆ మనిషి దేవుని నుంచి పక్కకు లాగితే వినకూడదు. రెండు పరీక్షలూ కావాలి. 'మే నెలలోగా వీసా వస్తుంది', 'ఈ సంబంధమే ప్రభువు చిత్తం' అన్నవి ఆ పుస్తకంలోకి ఎక్కడం మొదలయ్యాక అలాంటివి చెప్పేవాళ్ళు మీ సంఘానికి రావడం తగ్గిపోతుంది. రాకడ తేదీలూ అంతే. అమెరికాలో హెరాల్డ్ కేంపింగ్ 2011 మే 21 అన్నాడు, దాటిపోయాక అక్టోబరు 21 అన్నాడు, అదీ దాటిపోయింది. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాక లెక్కలు కట్టేవాడి దగ్గర కూర్చోవడం దేనికి?

స్వస్థత దగ్గర మాట తూచి వాడాలి. దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతాం. నూనె రాసి ప్రార్థించడం యాకోబు 5:14లో ఉంది. అక్కడ ఉన్నదేమిటి? రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థించాలి. కొబ్బరినూనె చిన్న సీసాలో పోసి, బోధకుడి బొమ్మ అంటించి, పక్కన ఫోన్‌పే క్యూఆర్ పెట్టి కౌంటర్లో అమ్మడం అక్కడ లేదు. ఫలానా జబ్బు నయమవుతుందని మహిమగల వస్తువులకు ప్రచారం చేయడం 1954 నాటి చట్టం కింద నేరం కూడా. పోస్టరు మీద 'క్యాన్సర్, షుగర్, ఫిట్స్ నుంచి విడుదల' అని వేయించే కమిటీలు ఇది గుర్తుంచుకోవాలి. ఆ పోస్టరు కింద ఉండేది మీ సంఘం పేరు.

అసలు ప్రమాదం మందులు మానేయడంలో ఉంది. టీబీ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి, ఆకలి పుడుతుంది. సరిగ్గా ఆ సమయంలో కూడికలో సాక్ష్యం చెప్పిస్తే, అది మందు పనే అని ఎవరూ అనరు. మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా ముదురుతాయి, ఇంట్లో పిల్లలకు అంటుకునేది ఆ ముదిరిన జబ్బే. ఇన్సులిన్ మీదే బతికే పిల్లవాడికి అది ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. బీపీకి బయటికి గుర్తులుండవు, కాబట్టి 'ఏమీ లేదు, బాగున్నాను' అనిపిస్తుంది. మానసిక వైద్యం మాత్రలు మానితే జబ్బు తిరగబెట్టడానికి వారాలో నెలలో పడుతుంది, అప్పటికి బోధకుడు ఇంకో జిల్లాలో ఉంటాడు. దయ్యం మళ్ళీ పట్టిందని ఆ పిల్లను గొలుసుతో కట్టేసేది ఇంట్లోవాళ్ళు. అలాంటి ఇంటికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వడం కూడా కాపరి పనే.

సాక్ష్యానికి ఒక క్రమం పెట్టండి. స్వస్థత అని చెప్పినవారిని సంతోషంగా వినండి, వాళ్ళతో కలిసి స్తుతించండి, మైకు మాత్రం వెంటనే ఇవ్వకండి. జబ్బును మొదట చూసిన డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళి, పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ తెచ్చాక ఇవ్వండి. ప్రభువు కుష్ఠరోగిని 'వెళ్లి యాజకునికి కనుపరచుకొనుము' అన్నాడు కదా. డాక్టరు మానమనేదాకా మాత్ర మానకూడదని ప్రతి స్వస్థత ప్రార్థన చివర చెప్పండి. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు బ్రతుకుతావని ప్రవచనం చెప్పిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయించాడు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుపడితే పౌలు అతన్ని మిలేతులోనే విడిచి వెళ్ళాడు. విశ్వాసం చాలలేదని రోగిని నిందించేవాళ్ళు ఈ ఇద్దరి గురించి ఏం చెప్తారో అడగండి.

ఉపవాసాల గురించి చిన్న మాట. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు తిండి మానితే షుగర్ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదముంది. గర్భిణులకు, బాలింతలకు, వీళ్ళకు మినహాయింపు అని ప్రకటనలోనే చెప్పాలి. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో, ఆకలితో చనిపోతే యేసును కలుస్తారన్న బోధ విన్నవాళ్ళ శవాలు 400కు పైగా తవ్వి తీశారు. చిన్నపిల్లలూ ఉన్నారు వాళ్ళలో. అది కూడా ఒకనాడు మామూలు కూడికగానే మొదలైంది.

ఇక డబ్బు. ఇస్కరియోతు యూదా చేతిలో సంచి ఉండేదని, అందులో వేసింది దొంగిలిస్తూ వచ్చాడని యోహాను దాచకుండా రాశాడు. యేరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా పట్టుకెళ్ళేటప్పుడు పౌలు ఒక్కడే వెళ్ళలేదు, సంఘాలు ఎన్నుకున్న మనుషులను వెంట పెట్టుకున్నాడు. ప్రభువు దృష్టికే కాదు, మనుషుల దృష్టికీ యోగ్యంగా ఉండాలన్నాడు. ఎవరూ దొంగతనం అనుకుని మొదలుపెట్టరు. 'సర్దుబాటు' అనుకుని మొదలుపెడతారు. ఆదివారం సాయంత్రం ట్రెజరర్ ఇంట్లో ఉన్న సంచిలోంచి రెండు వేలు, బుధవారం తిరిగి పెట్టేద్దామని.

సంచి తాళం ఒకరి దగ్గర, బీరువా తాళం ఇంకొకరి దగ్గర ఉండాలి. లెక్కపెట్టేది ముగ్గురు, ఒకే కుటుంబం వాళ్ళు కాకూడదు, నెలనెలా మారాలి. గుళ్ళోనే, తలుపు తీసి, లైటు కింద లెక్కపెట్టాలి. ఐదు వందలు ఎన్ని, రెండు వందలు ఎన్ని, చిల్లర ఎంత అని చీటీ రాసి ముగ్గురూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేసిన రశీదు ఆ చీటీకి పిన్ను కొట్టాలి. రెండు మొత్తాలూ ఒకటేనా అన్నది నాలుగో మనిషి చూడాలి. ఖర్చులు కానుక సంచిలోంచి నేరుగా ఇవ్వకూడదు, మొత్తం జమ చేశాక వోచరు మీద తీయాలి. లెక్క తప్పేది ఎప్పుడూ ఈ ఒక్క చోటే: 'మైకువాడికి ఇచ్చేశాం కదా, మిగిలింది వేద్దాం' అన్న చోట.

క్యూఆర్ కోడ్ వచ్చాక కొత్త కన్నం పడింది. స్కాన్ చేయగానే ఫోనులో కనిపించే పేరు సంఘం పేరు కావాలి. పాస్టరు గారి పేరో, ట్రెజరర్ కొడుకు పేరో వస్తే ఆ కోడ్ ఆ రోజే తీసేయండి. సంఘం సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై, ఆ పేరు మీద ఇద్దరి సంతకాలతో ఖాతా ఉంటే ఇది ఒక్కరోజు పని. కూడిక జరిగే మూడు రోజులూ మొదలుపెట్టే ముందు ఒక రూపాయి పంపి చూడండి. మన స్టిక్కరు మీద ఇంకో స్టిక్కరు అంటించిపోవడం కష్టమేమీ కాదు. విదేశాల నుంచి వచ్చే డబ్బు అయితే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తప్పనిసరి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధి ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. 'మా ఖాతాలో వేయించి మీకు పంపుతాం' అని ఎవరన్నా అంటే వద్దని చెప్పండి.

మిర్చి యార్డు చుట్టూ కాయల తొడిమలు తీసే అక్కలు మధ్యాహ్నానికి చేతులు మండుతుంటే చల్లనీళ్ళలో ముంచుకుంటారు. కానుక సంచిలో పడేది ఆ కూలీలోంచి వచ్చిన నోటు. ఎలీషా సేవకుడు గేహజీ, కుష్ఠం నయమైన నయమాను దగ్గర ఎంత అడిగాడు? రెండు మణుగుల వెండి, రెండు దుస్తుల బట్టలు. ఎలీషా వద్దన్నదాన్ని వెనక నుంచి పరుగెత్తి తెచ్చుకున్నాడు, నయమాను కుష్ఠాన్నీ తెచ్చుకున్నాడు.

సంఘంలో చీటీ పాటలు, అధిక వడ్డీ డిపాజిట్లు, 'ఇద్దరిని చేర్పిస్తే' తరహా గొలుసు వ్యాపారాలు వేదిక మీద ప్రకటించనివ్వకండి. విశ్వాసి కదా అని నమ్మి డబ్బు కట్టడం, పోయాక విశ్వాసి కదా అని కేసు పెట్టకపోవడం, రెండూ మన దగ్గరే ఎక్కువ. పాస్టరు గారి ఫొటో పెట్టుకున్న కొత్త నంబరు నుంచి 'అర్జెంటుగా పదివేలు పంపండి' అని వాట్సాప్ వస్తే ముందు ఆయన పాత నంబరుకు ఫోన్ చేయాలని, డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయాలని ప్రకటనల సమయంలో రెండుసార్లు చెప్తే సరిపోతుంది. కుర్రాళ్ళ బెట్టింగ్ యాప్‌ల అప్పులు తల్లిదండ్రులకంటే ముందు యవ్వనస్తుల కూడిక నడిపే అన్నయ్యకు తెలుస్తాయి. ఆ అన్నయ్య తిట్టడు అన్న నమ్మకం ఉంటేనే తెలుస్తాయి.

లోకాశ అనగానే మనం సినిమా పాటలూ జడలో పూలూ దగ్గర ఆగిపోతాం. శరీరాశ, నేత్రాశ, జీవపు డంబము అని యోహాను రాసిన వరుసలో మూడోది మన ఫ్లెక్సీ సైజులో ఉంది. ఇంకా సూటిగా అడుగుతాం: ఎన్ని లక్షల కట్నం, ఎన్ని సెంట్ల స్థలం మాట్లాడుకున్నారో ఊరంతా తెలిసిన పెళ్ళిని మన గుళ్ళోనే ఆశీర్వదిస్తున్నాం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. పెళ్ళి ప్రకటన చదివే ముందు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడిగే సంఘాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

'మీలోనే బయలుదేరుదురు' అన్న మాటకు తిరిగి వస్తాం. స్త్రీలతో ఒంటరి కౌన్సెలింగ్ మూసిన గదిలో ఉండకూడదు. తలుపు తీసి ఉండాలి, పెద్దావిడ ఒకరు కనిపించే దూరంలో ఉండాలి, రాత్రి ఫోన్లు, విడి మెసేజీలు ఉండకూడదు. సండే స్కూల్లో ఒక్క పెద్ద మనిషితో ఒక్క పిల్ల ఎప్పుడూ ఉండకూడదు. పెద్ద మీద డబ్బు, నడవడి విషయంలో నింద వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట విని విచారించమని, నిజమైతే అందరి ముందు గద్దించమని 1 తిమోతి 5వ అధ్యాయం చెప్తుంది. పిల్లల మీద లైంగిక నేరమైతే అది కమిటీ విచారించే సంగతే కాదు. పోక్సో చట్టం ప్రకారం వెంటనే పోలీసులకు చెప్పాలి, దాచినవాళ్ళూ నేరస్తులవుతారు. పిల్లల సహాయానికి 1098 ఉంది. 'సంఘం పరువు పోతుంది' అన్న మాట ఆ గదిలో ఎవరూ ఎత్తకూడదు. పరువు పోయింది అప్పటికే, ఆ పిల్ల ఏడ్చినప్పుడు.

మా మనవి ఒక్కటి. వచ్చే కమిటీ సమావేశంలో ఈ సంగతులు చర్చించి, మీకు సరైనవనిపించినవి మినిట్స్ పుస్తకంలో రాయించండి, ఆదివారం సంఘం ముందు చదివించండి. కన్వెన్షన్ పోస్టరు అచ్చు వేయించేటప్పుడు అడుగున, టెంటు హౌస్ వారి పేరు పైన, మూడు లైన్లకు చోటు వదలమని ప్రెస్ అతనికి చెప్పండి:

'ఈ కూడికల్లో నూనె, నీళ్ళు, రుమాళ్ళు అమ్మబడవు. డాక్టరు రాసిన మందులు మానవద్దు. కానుకల లెక్క మరుసటి ఆదివారం నోటీసు బోర్డు మీద ఉంటుంది.'

ఇట్లు,
గుంటూరు, విజయవాడ సంఘాల్లో లెక్కలు రాసేవాళ్ళం, సండే స్కూలు చెప్పేవాళ్ళం, స్త్రీల సమాజాల వాళ్ళం